గేటు దగ్గరికి వచ్చిన ఆడమనిషి

మా అమ్మాయి మెలకువ మఠంలో చేరిన పంతొమ్మిదో రోజున, నేను ఎత్తి రాస్తున్న నోటుబుక్కులో ఆ పేజీ కనపడింది. చదివాక, నా పిల్లను అక్కడ ఉంచాలో తీసుకుపోవాలో నాకు తెలియలేదు.

పేజీ చిన్నదే. మఠం పెట్టిన సిద్ధప్ప తాత చేతిరాత. పైన 1971 అని ఉంది.

"మాపటేళ ఒక ఆడమనిషి గేటు దగ్గరికి వచ్చింది. తాగి ఉంది. లోపలికి రానియ్యమని ఏడ్చింది. సుబ్బన్న తెరుద్దామన్నాడు. నేను వద్దన్నాను. తాగే మగవాడు జబ్బుమనిషి. తాగే ఆడది చెడిన మనిషి. జబ్బుకు మందు ఉంది, చెడినదానికి లేదు. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు చోటు లేదు. నేనున్నంత కాలం ఉండదు."

మఠం చిత్రావతి ఒడ్డున ఉంది. పేరుకు మఠమే గాని దేవుడి పటం ఒక్కటీ ఉండదు. కూటం జరిగే చోట సిద్ధప్ప తాత ఫోటో మాత్రం ఉంటుంది. తాగుడు మానాలనుకునేవాళ్ళు వచ్చి నలభై రోజులుంటారు. ఇప్పుడైతే ముందు డాక్టరు చూసి సరే అంటేనే చేర్చుకుంటారు. తాత రోజుల్లో డాక్టర్లు తాగుబోతు చెయ్యి కూడా పట్టుకునేవాళ్ళు కాదట. ఇంట్లోవాళ్ళు తోసేసేవాళ్ళు, పోలీసులు లాకప్పులో వేసేవాళ్ళు. తాత కూడా ఒకప్పుడు సారా కాచినవాడే, తాగినవాడే. మానేశాక, సుబ్బన్నలాంటి మానలేనివాళ్ళను పోగేసి, "నీది జబ్బు, రా, కూర్చో, చెప్పు" అన్నాడు. ఆ చుట్టుపక్కల అలా అన్నవాడు ఇంకొకడు లేడు.

మాపటి కూటం ఆయన పెట్టిందే. సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ముందు తాత మాటలు అచ్చేసిన పుస్తకంలోంచి ఒక పేజీ చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, ఎన్నో రోజో చెప్పి, మనసులో ఉన్నది చెప్తారు. ఎవరు ఏం చెప్పినా ఎవరూ జవాబు ఇవ్వకూడదు. ఓదార్చకూడదు, తిట్టకూడదు. పేజీ చదివేది మాత్రం వెంట వచ్చిన ఇంటివాళ్ళు. చదివేసి బయటికి పోవాలి. తమవాళ్ళు మాట్లాడేటప్పుడు లోపల ఉండకూడదు.

ఇప్పుడు మఠానికి పెద్ద ఓబులమ్మ అవ్వ. డెబ్భై ఎనిమిదేళ్ళు. చదువు రాదు. చేరినవాళ్ళూ, వెంట వచ్చినవాళ్ళూ అందరూ ఆమెకు శిష్యులే. ప్రతివాళ్ళకూ ఏదో ఒక పని అప్పజెప్తుంది. నాకూ వచ్చిన రోజే చెప్పింది.

"నువ్వు టీచరంట కదా పాపా. తాత నోటుబుక్కులకు చెదలు పట్టినాయి. ఎత్తి రాయి. ఉన్నది ఉన్నట్టు."

నంద్యాలలో తెలుగు చెప్తాను నేను. దస్తూరి బాగుంటుంది.

మా అమ్మాయి పేరు సుచరిత. ఇరవై ఆరేళ్ళు. ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేసేది. జనవరిలో బాత్రూం తలుపు పగలగొట్టి బయటికి తీశాం. దాని గురించి ఇంతకు మించి రాయలేను.

నోటుబుక్కు పట్టుకుని కేశవులు దగ్గరికి వెళ్ళాను. ఆయన మఠం కార్యదర్శి. తాగుడు మాని పదకొండేళ్ళు. అవ్వ తర్వాత అవ్వంతటివాడు.

"ఈ పేజీ అచ్చుపుస్తకంలో లేదు కదా?" అన్నాను.

చదివాడు. తల గోక్కున్నాడు.

"లేదక్కా. అచ్చేసేటప్పుడే వదిలేసినారు. నువ్వూ వదిలెయ్."

"అవ్వ ఉన్నది ఉన్నట్టు రాయమంది."

"అవ్వకు ఏమి తెలుసక్కా, ఆమెకు చదువొస్తుందా ఏమన్నానా?" అని గొంతు తగ్గించాడు. "ఆ రోజులు వేరే. ఆడది తాగితే అప్పుడు ఎవరైనా ఆ మాటే అనేవాళ్ళు. అప్పటి మనిషికి ఇప్పటి కొలత పెడితే ఎట్లా?"

"సుబ్బన్న తెరుద్దామన్నాడు కదా. ఆయన ఏ రోజుల మనిషి?"

కేశవులు నవ్వబోయి ఆగాడు.

"టీచర్లతో ఇదే తంటా. అక్కా, తాత లేకుంటే నేను లేను. నా పెండ్లాం లేదు, బిడ్డలు లేరు. ఈ ఒక్క పేజీ కోసం ఆయన్ను బజారులో నిలబెడతావా?"

ఆ సాయంత్రం చదవడం నా వంతు. ఆ పేజీ చదివాను.

నిజం దాచిపెట్టి మనిషిని బాగుచేస్తారా అనుకున్నాను చదివేటప్పుడు. అప్పుడు నా ఆలోచన అంతే.

చదవడం అయ్యాక మగవాళ్ళలో ఎవరో దగ్గారు. ఆడవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో మాబున్ని పెద్దది. కదిరి మనిషి, నలభై రోజులు అయిపోయినా వంటింట్లో సాయంగా ఉండిపోయింది. ఆమె పకపకా నవ్వింది.

"ఓహో! తాతకు మనమంటే ఎంత ప్రేమో చూడు," అని కొంగు దులుపుకుని లేచింది. "చెడినదాన్నంట. చెడినదాన్ని ఈడ పెట్టుకుంటే మీకు పాపం తగులుతుంది. నేను పోతా."

జవాబు ఇవ్వకూడదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. సుచరిత తల ఎత్తలేదు. కాలిగోళ్ళు చూసుకుంటూ ఉంది.

అవ్వ కళ్ళు మూసుకుని కూర్చుంది.

"అయిందా పాపా?" అంది.

"అయింది."

"సరే. బయటికి పో."

గొంతు రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

పొద్దున్నే బట్టలుతికే బండ దగ్గర సుచరిత కనపడింది. రాత్రి నిద్రపోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. చొక్కా ఒకటే పదిసార్లు జాడిస్తోంది.

"ఆయన అన్నది నిజమేనేమో అమ్మా," అంది.

"ఏది?"

"మగవాళ్ళది జబ్బు. మాది వేరే."

"పిచ్చిమాటలు మాట్లాడకు."

"నువ్వే కదా చదివింది."

"సామాను సర్దుకో. సాయంత్రం ఆరింటికి ఆటో చెప్తాను. ఇక్కడ వద్దు మనకు," అన్నాను.

"సరే," అంది.

ఆ 'సరే' నాకు తెలుసు. జనవరికి ముందు నెలంతా అన్నిటికీ సరే అనేది.

వంటింట్లోకి వెళ్తే మాబున్ని సంగటి కెలుకుతోంది. ఆమె బ్యాగు కూడా గుమ్మం పక్కన సర్ది ఉంది.

"పోలేదా?" అన్నాను.

"ఎట్లా పోతా? నేను లేకుంటే కెలికేది ఎవరు? వీళ్ళు కెలికితే అన్నీ ఉండలే. తిని నన్ను తిట్టుకుంటారు," అంది. నా వైపు చూడకుండా, "టీచరమ్మా, నువ్వు చదివింది తప్పని అనను. చదివి బయటికి పోతివి. మేము లోపలే ఉండాల కదా," అంది.

ఆటో మాట కేశవులుకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, భయపడ్డాడు.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. నన్ను తిట్టు, తాతను తిట్టు. పిల్లను మాత్రం తీసుకుపోవద్దు. ఇరవై రోజులకు పోయినవాళ్ళను చూసినా. నెల తిరక్కుండా మళ్ళా పట్టినారు. ఇద్దరైతే మళ్ళా రాలేదు."

"ఎందుకు రాలేదు?"

ఆయన చెప్పలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

అవ్వ వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మేము వెళ్ళిపోతున్నాం అవ్వా."

"కేశవులు చెప్పినాడు."

"నా పిల్లలాంటి దాన్ని ఆయన గేటు దగ్గర్నుంచి తరిమేశాడు. అలాంటి మనిషి ఫోటో కింద దాన్ని ఎలా కూర్చోబెట్టమంటారు? ఆయన్ని ఏమనుకోవాలో చెప్పండి నాకు. మంచివాడనా, చెడ్డవాడనా?"

అవ్వ నాలుగు కాయలు ఒలిచింది. "ఆటో ఎన్నింటికి?" అంది.

"ఆరింటికి."

"కూటం ఐదున్నరకు. అప్పటికి రా. తాత పుస్తకం, నువ్వు రాసే పుస్తకం, రెండూ తీసుకొని రా."

ఐదుంపావుకు వెళ్ళాను. అవ్వ కర్ర పట్టుకుని గేటు దాటింది. గోడ వెంబడి నడుచుకుంటూ మఠం వెనక్కి తీసుకెళ్ళింది. అటు ఎవరూ రారు. తుమ్మకంప, ఎండిన గడ్డి. గోడ నా తలకన్నా ఎత్తు. పైన సిమెంటులో గాజుపెంకులు నాటి ఉన్నాయి.

గోడను ఆనుకుని ఒక బండరాయి ఉంది. అవ్వ దాని మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"నిన్న చదివింది మళ్ళా చదువు."

చదివాను. గోడకేసి చూస్తూ వింది.

"చెడిన మనిషి అని రాసినాడా?"

"అవును."

"నాతో అంత మాట అనలేదు. పోమ్మా, అన్నాడు. అంతే."

నాకు కొంచెంసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక పుస్తకం మూసేశాను.

"అవ్వా... నిన్న నేను మీ ముందే..."

"నీకెట్లా తెలుస్తుంది? వీళ్ళకూ తెలీదు. తాత పోయినాక వచ్చిన మొదటి ఆడమనిషిని అని తెలుసు. దానికి ముందు సంగతి ఎవరూ అడగలేదు."

లోపల చాపలు పరుస్తున్న చప్పుడు వినపడింది. కేశవులు ఎవరినో కూర్చోమంటున్నాడు. గోడకు అవతల నాలుగడుగుల్లోనే కూటం జరిగే సావిడి అని అప్పుడు తెలిసింది నాకు.

"గేటు వేసినాక యాడికి పోవాల? మొగుడు తరిమినాడు, అమ్మగారింట్లో రానియ్యలేదు. నీడుందని ఈడికి వచ్చి కూర్చున్నా. లోపల మాట్లాడుతుంటే వినపడింది. మరుసటి దినం మళ్ళా వచ్చినా. తాగే వచ్చినా. తాగి వింటి, తాగకుండా వింటి, మళ్ళా తాగి వింటి. వానొస్తే తడిసినా."

"ఎన్ని రోజులు?"

"ఐదేండ్లు."

"ఆయనకు తెలుసా?"

"సుబ్బన్న చెప్పినాడు. తెలిసినాకే ఆ గాజుపెంకులు పెట్టించినాడు. దూకుతానని అనుకున్నాడో ఏమో."

"తర్వాత మనసు మార్చుకున్నాడా?"

"లేదు. పోయేదాకా లేదు. ఆయన పోయిన మూడో దినం సుబ్బన్న గేటు తీసి పిలిచినాడు. నేను తాగక అప్పటికి మూడేండ్లు."

నేను తట్టుకోలేకపోయాను. "మరి ఆయన్ని క్షమించారా?" అన్నాను.

"ఆయన అడగలేదు కదా," అంది అవ్వ.

లోపల ఎవరో మగమనిషి పేజీ చదివాడు. అచ్చుపుస్తకంలోదే. తాగినవాడు అబద్ధం చెప్పడం ముందు తనతోనే మొదలుపెడతాడని, అందుకే ముందు పైకి చెప్పడం నేర్చుకోవాలని. మాటలు స్పష్టంగా వినపడ్డాయి. అవ్వ పెదవులు కూడా కదులుతున్నాయి. ఆమెకు నోటికి వచ్చు.

"ఆ మాట నేనూ అన్నాను అవ్వా," అన్నాను.

"ఏ మాట?"

"చెడిపోయావు అని. మూడేళ్ళ కిందట. సుచరిత సంచిలో సీసా దొరికిన రోజు."

అవ్వ నా వైపు తిరగలేదు.

"అనే ఉంటావు. మా అమ్మా అనింది."

కాసేపటికి గుర్తొచ్చి అడిగాను, "ఇంటివాళ్ళు వినకూడదు కదా?"

"లోపల కూర్చోకూడదు అన్నాడు తాత. గోడకు ఇవతలి సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. విన్నానని పిల్లకు చెప్పుకో, ఈ పొద్దే. దాచిపెట్టొద్దు."

లోపల ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. మాబున్ని వంతు వచ్చింది.

"మాబున్ని. అరవై నాలుగో రోజు. బ్యాగు సర్ది పెట్టినా. నిన్నటి నుంచి మూడుసార్లు భుజానికి వేసుకుంటి, మూడుసార్లు దించితి. తాత మీద కోపంగా ఉంది. చచ్చినోడితో కొట్లాడేది ఎట్లనో తెలీదు. అంతే."

ఎవరో నవ్వి ఆపుకున్నారు.

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు సుచరిత గొంతు వినపడింది. ఇరవై రోజుల్లో అది కూటంలో నోరు తెరవలేదని కేశవులు అంతకు ముందే చెప్పాడు.

"నా పేరు సుచరిత. ఇరవయ్యో రోజు."

ఆగింది.

"మా అమ్మ ఆటో చెప్పింది. నాకు పోవాలని లేదు. ఆమెకు చెప్పలేకపోతున్నా. నా కోసమే కదా కోపం తెచ్చుకుంటుంది. ఆమె అట్లా నా వైపు ఉండి చాలా రోజులయింది. ఉన్నప్పుడు ఎట్లా కాదనేది?"

మళ్ళీ ఆగింది.

"పోతే తాగుతా. అది నాకు తెలుసు. అంతే."

నేను లేచాను. గోడ పట్టుకున్నాను. పిలవబోయాను. అవ్వ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని కిందికి లాగింది. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందనుకోలేదు. మళ్ళీ బండ మీద కూర్చున్నాను. లోపల ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఇంకొకరు పేరు చెప్పారు.

రోడ్డు వైపు ఆటో హారన్ మోగింది. వెళ్ళాను. డ్రైవరు, "సామాను ఏదమ్మా?" అన్నాడు. పోవడం లేదన్నాను. అతను నా ముఖం చూసి బండి తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ అక్కడే ఉంది. రెండు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుంది. ఇంకా వెలుతురు ఉంది.

"ఆ పేజీ ఎత్తి రాసినావా?"

"లేదు. దాని దగ్గరే ఆపేశాను."

"రాయి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

మోకాళ్ళ మీద పెట్టుకుని రాశాను. సుబ్బన్న మాట రాశాను, జబ్బు మాట రాశాను, చెడిన మాట రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. రాసేటప్పుడు కోపం పోలేదు. అయినా దస్తూరి చెదరలేదు.

"అయింది అవ్వా."

"ఆయన రాసింది ఆయనది. దాని జోలికి పోవద్దు. ఒక ఆడమనిషి వచ్చింది అని రాసినాడు కదా?"

"అవును."

"పేరు రాయలేదు కదా?"

"లేదు."

"అడగలేదులే. కింద నువ్వు రాయి."

ఒక గీత వదిలి, కింద రాశాను. వచ్చిన ఆడమనిషి పేరు ఓబులమ్మ.

అవ్వ పుస్తకం తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. పేజీ అంతా పైనుంచి కిందికి చూసింది.

"ఇందులో నేను యాడున్నా?" అంది.

ఆమె వేలు పట్టుకుని ఆ నాలుగక్షరాల మీద పెట్టాను.